బ్రేకులమ్మ కనుమ దాటిన రోజు

ఆ ఊళ్ళో కారు నడపడం వచ్చినవాళ్ళని ఒక వరసలో నిలబెడితే, సగానికి సగం ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే తేలతారు. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరంటూ ఒకటి ఉంది గానీ, డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద తప్ప అది ఎవరి నోటా పలికేది కాదు. ఎదురుగా ఉంటే 'మేడమ్'. వీపు తిప్పితే 'బ్రేకులమ్మ'.

ఆ పేరు ఊరికే రాలేదు. నేర్పే కార్లకి డ్రైవరు పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి కదా, ఆవిడ వాటిని వాయిద్యంలా వాయించేది. ఎవడైనా కుర్రాడు రెండో రోజుకే మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని, ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పుతూ ఈల వేశాడంటే వాడి పని అయిపోయినట్టే. ఆవిడ కళ్ళు రోడ్డు మీదే ఉండేవి, కాలు మాత్రం చడీచప్పుడు లేకుండా తన వైపు క్లచ్ నొక్కేది. ఇంజను గోల పెట్టేది, బండి కదిలేది కాదు. వాడు ముచ్చెమటలు పోసి గేరు పీకి, మళ్ళీ వేసి, మొహం వేలాడేస్తే అప్పుడు ఆవిడ నిదానంగా అనేది: "చూశావా నాయనా, బండికి కూడా నీ పొగరు నచ్చలేదు."

స్కూలంటే తాళాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద రోడ్డు గుర్తుల పటం. బల్ల మీద ఆవిడ అగ్గిపెట్టెలతో నాలుగు రోడ్ల కూడలి వేసి, ఎవరు ముందు వెళ్ళాలో అడిగేది. తప్పు చెప్పిన వాడి అగ్గిపెట్టెని చిటికెన వేలితో బల్ల మీంచి కిందికి తోసేసి, "పోయావు. తరవాత ఎవరు?" అనేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డ్రైవింగ్ నేర్పే పచ్చ కారు ఊళ్ళో రోజూ తిరిగే దారి ఒకటుండేది. స్కూలు దగ్గర మొదలై, కూరగాయల మార్కెట్ ముందు ఆగి, అక్కణ్ణుంచి ఆవిడ చెల్లెలి ఇంటి సందులోకి తిరిగి, ఫ్లైఓవర్ ఎక్కి దిగి, చివరికి ఆవిడ భర్త కళ్ళజోళ్ళ షాపు దగ్గర తేలేది. "రివర్సులో పెట్టడం నేర్పాలంటే మార్కెట్‌ని మించిన చోటు లేదు" అని ఆవిడ సిద్ధాంతం. శిష్యుడు చెమటలు కక్కుతూ బండిని రెండు తోపుడుబళ్ళ మధ్య ఇరికించేలోపు ఆవిడ వంకాయలు బేరమాడి వచ్చేసేది. ఇంట్లోకి ఉప్పు దగ్గర్నుంచి మంచం కోళ్ళ దాకా శిష్యులే మోసుకొచ్చారు. ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినా అడిగే దమ్ము లేదు.

ఇలా ఏళ్ళూ పూళ్ళూ గడిచాయి. ఇందులో ఒక చిన్న చిక్కు దాగుంది. ఎక్కడికి వెళ్ళాలన్నా బండి నడపడానికి ఎవడో ఒకడు దొరుకుతుంటే, ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని ఎంత కాలమైందో ఎవరూ గమనించలేదు. ఆవిడ కూడా గమనించుకోలేదు.

కనుమ దారి చూసొద్దామన్న ఆలోచన పళ్ళ డాక్టరుది. ఊరికి ఉత్తరాన పొగలా కనిపించే కొండలున్నాయి. వాటి మీదుగా అవతలి లోయలోకి దిగే రోడ్డు అందమైనదని అందరూ చెప్పుకునేవాళ్ళు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. డాక్టరు కొత్త కారు కొన్నాడు. దాన్ని ఎవరికైనా చూపించాలి, ముఖ్యంగా బ్రేకులమ్మకి. తను నేర్చుకునే రోజుల్లో ఆవిడ తన బండిని నడిరోడ్డు మీద ఆపి, "నువ్వు జనం నోళ్ళు తెరిపించడమే గానీ, నీ కళ్ళు తెరవవేం?" అని అడిగిన మాట అతను మర్చిపోలేదు.

అతను బేకరీ ఆయన్ని కలుపుకున్నాడు. బేకరీ ఆయన టైలరమ్మని కలుపుకున్నాడు. ముగ్గురూ మేడమ్ శిష్యులే. వెళ్ళి అడిగారు.

"మాకు డ్రైవింగ్ నేర్పారు. ఒక్కరోజు మేం మిమ్మల్ని తిప్పుతాం మేడమ్. మూడు బళ్ళలో వెళ్దాం. మీరు హాయిగా కూర్చోండి, చాలు" అన్నాడు డాక్టరు.

ఆవిడ పొంగిపోయింది గానీ బయటికి కనపడనివ్వలేదు. "సరే, వస్తాను. ఇన్నాళ్ళకి మీ అందరినీ ఒకేసారి పరీక్ష చేసినట్టూ ఉంటుంది" అంది. ముగ్గురి మొహాలూ ఒకేసారి పాలిపోయాయి.

ఆ రాత్రి అన్నాల దగ్గర భర్త అడిగాడు. "ఏమే, కొండ రోడ్డు నువ్వెప్పుడైనా నడిపావా?"

"నడపడమెందుకండీ? మన ఫ్లైఓవర్‌ని పదింతలు చేసుకుంటే అదే కొండ."

"మరి దిగేటప్పుడు?"

"పదింతలు తీసేసుకుంటే సరి."

కళ్ళజోళ్ళాయన మజ్జిగ పోసుకున్నాడు. ఎదుటివాళ్ళకి ఏది కనిపిస్తోందో, ఏది కనిపించడం లేదో జీవితమంతా అడుగుతూ బతికినవాడు. అడగాల్సింది అడిగి, చెప్పింది విని ఊరుకోవడం ఆయనకి వృత్తి నేర్పిన విద్య.

ఆదివారం పొద్దున్న మూడు బళ్ళూ స్కూలు ముందు నిలబడ్డాయి. డాక్టరు కారు అద్దంలా మెరుస్తోంది. బేకరీ ఆయన వ్యాను కిటికీల్లోంచి వేడి బన్నుల వాసన కొడుతోంది. చివర టైలరమ్మ చిన్న కారు. దాని వయసు టైలరమ్మ కాపురమంత. మేడమ్ తిన్నగా వెళ్ళి డాక్టరు పక్కన కూర్చుంది. భర్త గొడుగూ మంచినీళ్ళ సీసా పట్టుకుని వెనక సీట్లో సర్దుకున్నాడు.

"ఇందులో క్లచ్ ఉండదు మేడమ్. గేర్లు అవే పడిపోతాయి" అన్నాడు డాక్టరు ఛాతీ పొంగించి.

ఆవిడ కింద కాళ్ళ దగ్గర ఒకసారి వెతికి చూసి, "క్లచ్ లేని బండీ పళ్ళు లేని నోరూ ఒకటే నాయనా. నమలడం ఉండదు, మింగడమే" అంది.

అంతే, డాక్టరు చేతులు ఆ క్షణం నుంచి అతని మాట వినడం మానేశాయి. రోజూ క్లినిక్కి గాలిలా నడుపుకెళ్ళే మనిషి, వెలగని సిగ్నల్ దగ్గర కూడా ఆగాడు. ముందు సైకిల్ కనిపిస్తే చాలు, ఆవిడ కుడి కాలు కింద పరిచిన చాప మీద ధన్ మని పడేది. ఆ చప్పుడుకి ఇతని కాలు ఉలిక్కిపడి నిజం బ్రేకు తొక్కేది. వెనక సీట్లో కళ్ళజోళ్ళాయన ముందుకీ వెనక్కీ ఊగుతూ, నీళ్ళ సీసా గొడుగు మీదా గొడుగు తన మీదా పడుతుంటే ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఊరు దాటాక డాక్టరు బండి పక్కకి తీశాడు. "మేడమ్, బేకరీ ఆయన బాధపడతాడేమో, కాసేపు ఆ వ్యానులో..." అన్నాడు.

కొండ మొదట్లో ఆవిడ వ్యాను ఎక్కింది, వెనకే గొడుగుతో భర్తా ఎక్కాడు. బేకరీ ఆయన మామూలుగా పాటలు పాడుతూ నడిపే మనిషి. ఆవిడ పక్కన కూర్చోగానే గొంతు పడిపోయింది. తిరిగే ప్రతి వంకకీ ఇండికేటర్ వేశాడు. రోడ్డు తిరుగుతోంది గానీ తను తిరగడం లేదన్న సంగతే మర్చిపోయాడు. వ్యాను నత్త నడక నడిచింది. వెనక లారీలూ బస్సులూ బారులు తీరి హారన్లు వాయించాయి. వ్యానుని దాటుకుపోతూ ఒక బస్సు డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, "పెళ్ళి ఊరేగింపా బాబాయ్?" అని అరిచి వెళ్ళాడు.

"వాణ్ణి పట్టించుకోకు. నువ్వు అద్దం చూడు" అంది ఆవిడ.

"చూస్తున్నా మేడమ్."

"అద్దంలో నన్నెందుకు చూస్తావు? రోడ్డు చూడు."

సగం కొండ ఎక్కాక, లోయ కనిపించే చోట రోడ్డు కాస్త వెడల్పుగా ఉంటే మూడు బళ్ళూ ఆగాయి. కింద పొలాలు ముక్కలు అతికిన దుప్పటిలా పరుచుకున్నాయి. వాటి మీద మేఘం నీడ ఒకటి తాపీగా పాకుతోంది. మేడమ్ మాత్రం లోయకి వీపు పెట్టి టైర్లలో గాలి చూస్తోంది. ఆ అదను చూసి డాక్టరూ బేకరీ ఆయనా కళ్ళజోళ్ళాయన్ని పక్కకి లాక్కెళ్ళారు. కాసేపు గుసగుసలు, చేతులు జోడించడాలు అయ్యాయి. చివరికి ఆయన గొడుగు ఊపుకుంటూ భార్య దగ్గరికి వచ్చాడు. రాయబారికి ఉండాల్సిన ధైర్యం మొహంలో లేదు గానీ కబురు మాత్రం ఉంది.

"ఏమే, వాళ్ళు ఒక మాట చెప్పమన్నారు. నువ్వు పక్కన ఉంటే..."

"ఉంటే?"

"వాళ్ళకి రావడం లేదట."

"ఏం రావడం లేదు?"

"డ్రైవింగు."

ఆవిడ టైరు వదిలి నిలబడింది. డాక్టరు ఆకాశంలోకి చూశాడు. బేకరీ ఆయన బన్ను నోట్లో పెట్టుకున్నాడు, జవాబు చెప్పాల్సిన పని తప్పుతుందని. ఆవిడకి నిజంగానే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ తను పక్కన ఉంటే వాళ్ళకి కొండంత ధైర్యమనుకుంది. తీరా చూస్తే కొండంత బరువట.

"అయితే నన్నేం చేయమంటారు, నడిచి రమ్మంటారా?" అంది.

అప్పుడు టైలరమ్మ ముందుకొచ్చింది. నెమ్మదైన మనిషి. నోట్లో సూదులు పెట్టుకుని పని చేసే అలవాటు వల్లేమో, మాట పొదుపు. డ్రైవింగ్ నేర్చుకోవడానికి అందరికంటే ఎక్కువ కాలం తీసుకున్నదీ, తిట్లు అందరికంటే తక్కువ తిన్నదీ ఆమే.

"మేడమ్, నా బండి మీరు నడపండి" అంది తాళంచెవి చాపి.

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. గౌరవించి ఇచ్చింది. కానీ ఆ తాళంచెవిని చూశాకే, తను స్టీరింగ్ పట్టి ఎన్నేళ్ళయిందో బ్రేకులమ్మకి గుర్తొచ్చింది. కాదనడానికి వీల్లేదు. ముగ్గురు శిష్యులూ ఒక మొగుడూ చూస్తున్నారు.

"పదండి మరి, చూపిస్తాను" అంది.

టైలరమ్మ పక్కనా, కళ్ళజోళ్ళాయన వెనకా ఎక్కారు. ఆవిడకి కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. సీటు ముందుకి లాగింది, వెనక్కి తోసింది. అద్దాలు సర్దింది. బెల్టు కోసం అలవాటు కొద్దీ అవతలి భుజం మీద తడుముకుంది. బండి కదిలి నాలుగు వంకలు బాగానే తిరిగాక ఇంజను మూలిగింది. "గేరు మార్చు" అంది ఆవిడ గట్టిగా.

బండిలో ఎవరూ కదల్లేదు.

"మేడమ్, గేరు మీ దగ్గరే ఉంది" అంది పక్కనున్న టైలరమ్మ మెల్లిగా.

"తెలుసు. నాకు నేనే చెప్పుకుంటున్నా" అని ఆవిడ గేరు మార్చింది.

ఆ పైన మొదలయ్యాయి అసలు మలుపులు. రోడ్డు తన తోకని తనే పట్టుకోబోయే పాములా చుట్టుకుంది. అలాంటి ఒక మలుపు నడుమ, బాగా నిట్టనిలువుగా ఉన్న చోట, పైనించి దుంగల లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ వచ్చింది. ఆగక తప్పలేదు. ఆగింది. లారీ వెళ్ళిపోయింది. ఆవిడ క్లచ్ వదిలింది, బండి ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయింది.

ఎత్తులో ఆగిన బండిని వెనక్కి జారకుండా కదిలించలేని వాణ్ణి ఆవిడ లైసెన్సు పరీక్షకి పంపేదే కాదు. ఇప్పుడు మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ ఎగిరి ఆగింది. మూడోసారి ఆగడమే కాదు, జానెడు వెనక్కి జారింది కూడా. వెనక డాక్టరు కారూ దాని వెనక వ్యానూ ఉన్నాయి. రెండిట్లోంచీ రెండు తలకాయలు బయటికి వచ్చాయి. ఇంకా కింద ఎవరెవరో హారన్లు కొడుతున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు మరి!

"నేను దిగి చక్రం కింద రాయి పెట్టనా?" అని వెనక సీట్లోంచి కళ్ళజోళ్ళాయన అడిగాడు, తలుపు అప్పటికే సగం తీసి.

"మీరు కూర్చోండి" అంది ఆవిడ. చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. ఏ కాలు ఎక్కడ పెట్టాలో తెలుసు. వేలసార్లు చెప్పింది. చెప్పడానికి నోరు చాలు గానీ, ఇక్కడ కాలు కావాలి. కాలేమో పక్క సీటు అలవాటు తప్ప ఏమీ గుర్తులేనట్టు బిగుసుకుపోయింది.

టైలరమ్మ ఆవిడ వైపు చూడలేదు. ముందున్న రోడ్డు మీదే కళ్ళుంచి, సూదిలో దారం ఎక్కించేంత నిదానంగా మాట్లాడింది. "హారన్ వాళ్ళది, బండి మనది. తొందరేం లేదు. హ్యాండ్ బ్రేక్ లాగండి మేడమ్."

ఆవిడ లాగింది.

"ఇప్పుడు కాళ్ళ సంగతి మర్చిపోండి. ఇంజను వినండి. క్లచ్ కొంచెం కొంచెంగా వదలండి. గొంతు బరువెక్కుతుంది, అక్కడ ఆగండి."

ఇంజను గొంతు బరువెక్కింది. బండి ముక్కు కాస్త పైకి లేచింది.

"ఆఁ, అదే. కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్."

బండి జారలేదు, ఎగరలేదు. పాలు తాగిన పిల్లిలా మలుపు ఎక్కేసింది. అవి తన మాటలేనని ఆవిడకి తెలుసు. ఫ్లైఓవర్ మీద ఈ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజున తనే చెప్పింది. ఇంకెవరికీ అంత మెల్లిగా చెప్పిన గుర్తు మాత్రం లేదు.

కనుమ నెత్తి మీద గాలి చీరల్నీ గొడుగునీ లాగేస్తోంది. రెండు వైపులా రెండు లోయలు. ఒకటి ఎండలో మెరుస్తోంది, రెండోది ఇంకా మంచులో నిద్రపోతోంది. ఆవిడ బండి దిగి, వెనకొస్తున్న శిష్యుల మొహాలు చూడకుండా అటు తిరిగి నిలబడింది, దృశ్యం చూస్తున్నట్టుగా. చూస్తున్నట్టు నటించబోయి నిజంగానే చూసేసింది. "అబ్బ, ఎంత బావుందండీ" అంది తనకి తెలియకుండానే.

డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. పన్ను నొప్పి ఎక్కడో చెప్పమని అడిగేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. "మేడమ్, ఆ మలుపు దగ్గర ఏదో అయినట్టుంది?"

ఆవిడ రెప్ప వేయలేదు. "ఏం కాలేదు, నేనే ఆపాను. కొండ మీద ముందు బండి ఆగితే మీరంతా ఏం చేస్తారో చూద్దామని."

"మూడుసార్లా?"

"ఒక్కసారికి మీరు చేసింది నమ్మలేకపోయాను మరి. నడిరోడ్డు మీద కిటికీలోంచి తల బయట పెడతారా ఎవరైనా? మధ్యలో ఎంత ఖాళీ వదిలావు నువ్వు? బేకరీ ఆయన హజార్డ్ లైట్లు వేశాడా? లేదు, బన్ను తింటున్నాడు. టైలరమ్మ ఒక్కతే పాసు. మీరిద్దరూ సోమవారం వచ్చి అగ్గిపెట్టెల దగ్గర కూర్చోండి."

బేకరీ ఆయన అప్పుడే నోటిదాకా తెచ్చిన బన్నుని మెల్లిగా సంచిలోకి దించేశాడు. కళ్ళజోళ్ళాయనకి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చి, గొడుగు చాటుకి వెళ్ళి భుజాలు కదిలేలా చాలాసేపు దగ్గాడు.

ఎవరూ నమ్మలేదన్నది ఆవిడకీ తెలుసు. తర్వాత బన్నులు తినేటప్పుడు టైలరమ్మ పక్కన చేరి గొంతు తగ్గించింది. "అమ్మాయ్, ఆ సంగతి..."

"ఏ సంగతి మేడమ్? మీరు పరీక్ష పెట్టారు, నేను పాసయ్యాను" అంది టైలరమ్మ బన్ను తుంచుతూ.

బ్రేకులమ్మ ఆమెని కొత్తగా చూసింది. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి ఇంత గడుసుదని ఇన్నాళ్ళూ ఎలా పోల్చుకోలేకపోయింది? "బాగా నేర్చుకున్నావు" అంది. డ్రైవింగ్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

మగవాళ్ళు ముగ్గురూ అంచున నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎండ ఎటు పడుతోందో, ఎవరు పొట్ట లోపలికి లాగాలో తేలడం లేదు. ఆవిడ చేతిలో ఇంకా తాళంచెవి ఉంది. దాన్ని వేలికి తగిలించి ఒకసారి తిప్పింది. కాళ్ళలో ఏదో దురద మొదలైంది.

"అమ్మాయ్, వీళ్ళ ఫొటోలు అయ్యేసరికి తెల్లారుతుంది. మనం వెళ్దామా?"

"సార్ ఉన్నారు కదా మేడమ్?"

"ఉండనీ. ఆయనకి గొడుగుంది."

తలుపులు చప్పుడు కాకుండా వేసుకున్నారు. అవతలి లోయ వైపు దిగుడు కదా, ఇంజను కూడా వెంటనే స్టార్ట్ చేయకుండా మెల్లిగా జారనిచ్చింది ఆవిడ. ఈ పని ఏ శిష్యుడైనా చేసి ఉంటే వాడి వీపు చీరేసి ఉండేది. మొదటి మలుపు చాటుకి రాగానే ఇంజను ఉరిమింది. ఇద్దరాడవాళ్ళూ బడి ఎగ్గొట్టిన పిల్లల్లా పగలబడి నవ్వారు. పైనుంచి ఎవరో "ఏమే!" అని పిలిచిన కేక గాల్లో తేలుతూ వచ్చి, లోయలో రెండుసార్లు మారుమోగి, పాపం అక్కడే ఉండిపోయింది.

ఆవిడ గేరు తగ్గించుకుంటూ, ఒక్కో మలుపుకీ హారన్ కొడుతూ, ఎదురొచ్చే బళ్ళకి దారిస్తూ చక్కగా దిగింది. మధ్యలో ఒక చిన్న ఎత్తు మీద ఆగాల్సి వస్తే ఆగింది, మళ్ళీ ఎవరూ చెప్పకుండానే కదిలింది. పొద్దున్న వెక్కిరించిన బస్సు తిరుగు ప్రయాణంలో ఎదురైతే, కిటికీలోంచి చెయ్యి ఊపింది. డ్రైవరు గుర్తుపట్టలేదు గానీ తిరిగి ఊపాడు.

కొండ కింద టీ కొట్టు బెంచీ మీద ఇద్దరూ రెండో కప్పు తాగుతుండగా డాక్టరు కారూ వ్యానూ వచ్చాయి. కళ్ళజోళ్ళాయన ముందు సీట్లోంచి దిగాడు. జుట్టు చెదిరింది, మొహం వాడింది.

"మేడమ్, మీరు సార్‌ని మర్చిపోయి వచ్చేశారు" అన్నాడు డాక్టరు.

"మర్చిపోలేదు నాయనా, వదిలేసి వచ్చాను."

కళ్ళజోళ్ళాయన బెంచీ మీద కూలబడ్డాడు. "దారి పొడుగునా నా నోట్లోకే చూశాడే. మలుపులో కూడా. రెండు పీకాలట."

"నొప్పిగా ఉన్నాయా?"

"ఇప్పటిదాకా లేదు."

ఆవిడ నవ్వు ఆపుకోలేక టీ పొలమారింది. ఆయన ఉడుక్కోబోయి, ఆవిడ ఎర్రబడిన మొహం చూసి తనూ నవ్వేశాడు. ఇంట్లో ఆవిడ ఇలా ఒళ్ళు మరచి నవ్వి చాలా కాలమైంది.

బయల్దేరేటప్పుడు టైలరమ్మ తాళంచెవి అడగలేదు. ఆవిడా ఇవ్వలేదు. బేకరీ ఆయన గొంతు సవరించుకుని పాట అందుకుంటూ వ్యాను ఎక్కాడు. పక్కన ఎవరూ లేరు మరి. కళ్ళజోళ్ళాయన చిన్న కారు దగ్గరికొచ్చి ముందు సీటు వైపు చూశాడు, కాస్త ఆలోచించాడు, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. సరిగ్గా పడిందో లేదోనని ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

"ఏమండీ, భయమా?" అంది ఆవిడ అద్దంలోంచి.

"భయం కాదే. ఇక్కణ్ణుంచైతే నువ్వు బాగా కనిపిస్తావు."

అబద్ధమని ఆవిడకి తెలుసు. అయినా అద్దాన్ని ఆయన మొహం కనపడేలా కొంచెం దించుకుంది. "అద్దంలో నన్ను కాదు, రోడ్డు చూడు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. టైలరమ్మ కిటికీ వైపు తిరిగి పెదవి కొరుక్కుంది. ఆవిడ నోరు మూసుకుని, అద్దం సరిచేసుకుని, బండి కదిలించింది.